వస కొమ్ము కాదు, చెవి పరీక్ష
(కందుకూరులో తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎండన పడి వచ్చిన పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన టైములో సగం దానికే పోతుంది, మన్నించండి.

నాకిచ్చిన అంశం తెలుగు గొప్పతనం. గుడ్లూరు ఎర్రన గురించి, పెన్న ఒడ్డున కూర్చుని భారతం రాసిన తిక్కన గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకని మాట మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. అది రాకుండా పోయిన ఒక పిల్ల సంగతి కూడా చెప్పాలి. అది చెప్పడానికే వచ్చాను.

ఇవాళ గిడుగు రామమూర్తి గారి జయంతి. సవరల భాష కోసం మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్న మనిషి ఆయన. చెవి పోయినా వాదన మానలేదు, రాయడం మానలేదు. ఎందుకంటే ఆ చెవుడు పెద్దయ్యాక వచ్చింది. అప్పటికే భాష మెదడులో పాతుకుపోయి ఉంది. పుట్టుకతోనే చెవి వినపడని బిడ్డకు ఆ అదృష్టం లేదు.

మా అక్కను మా మేనమామకే ఇచ్చారు. మన వైపు మేనరికాలు మీకు కొత్త కాదు. కూతురు పుట్టింది, చక్కటి పిల్ల. రెండేళ్ళు దాటినా మాట రాలేదు. మా అవ్వ వస కొమ్ము అరగదీసి తేనెలో కలిపి నాకించింది. "వాళ్ళ నాయనకూ ఆలస్యంగానే వచ్చిందిలే, తొందరేంది?" అన్నారు ఇంట్లో వాళ్ళు. ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, వెనక నుంచి తలుపు దబదబా కొట్టించాడు. పిల్ల తిరిగి చూసింది. చెవి బాగానే ఉందని పంపేశాడు. అయ్యా, తలుపు అట్లా బాదితే నేల అదురుతుంది! ఆ అదురుకు తిరిగింది పిల్ల. ఆ ఒక్క మాటతో ఇంకో మూడేళ్ళు పోయాయి.

ఆ మూడేళ్ళ విలువ ఏంటో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గరికి ఒక రోగి వచ్చాడు. ఏం అడిగినా "టాన్" అన్న ఒక్క శబ్దమే. ఎదుటివాళ్ళు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. అతను చనిపోయాక చూస్తే మెదడులో ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. 1874లో జర్మనీలో కార్ల్ వెర్నికె ఇంకో రకం రోగుల గురించి రాశాడు. వాళ్ళు గడగడా మాట్లాడతారు, అందులో అర్థం ఉండదు, ఇతరుల మాట ఎక్కదు. వాళ్ళకు దెబ్బతిన్నది ఎడమవైపే, కానీ చెవికి పైన, కాస్త వెనక. ఈ రెండు చోట్లతోనే పని అయిపోదని, మెదడులో చాలా భాగాలు కలిసి భాషను నడుపుతాయని తర్వాత తేలింది.

జన్యువుల మాటకొస్తే, లండన్‌లో ఒక కుటుంబం ఉంది. మూడు తరాల్లో దాదాపు సగం మందికి పెదవి, నాలుక వరుసగా కదిలించి మాట కూర్చడం కష్టం. 2001లో దానికి కారణం దొరికింది. ఏడో క్రోమోజోమ్ మీద ఫాక్స్‌పీ2 అనే జన్యువులో ఒక్క అక్షరం మారింది, అంతే. భాషా జన్యువు దొరికిందని పత్రికలు హోరెత్తించాయి. అది నిజం కాదు. ఆ జన్యువు ఎలుకలో ఉంది, పిట్టలో ఉంది. భాషకు ఒకే జన్యువంటూ లేదు.

మా మేనకోడలి కథలో జన్యువు వేరు. పరీక్ష చేయించలేదు కాబట్టి ఫలానాదని చెప్పను. కానీ పుట్టు చెవుడుకు కారణమయ్యేవాటిలో మన దేశంలో తరచూ కనపడేది జీజేబీ2. అది లోచెవిలో పొటాషియం కదలడానికి దారులు కట్టే జన్యువు. తల్లిదగ్గర ఒక చెడ్డ ప్రతి, తండ్రిదగ్గర ఒకటి ఉంటే ఇద్దరికీ చెవులు బాగానే వినిపిస్తాయి. పుట్టే ప్రతి బిడ్డకూ ఆ రెండు చెడ్డ ప్రతులూ చేరి చెవుడు వచ్చే ప్రమాదం నాలుగో వంతు. రక్తసంబంధంలో పెళ్ళయితే ఇద్దరి దగ్గరా అదే ప్రతి ఉండే అవకాశం పెరుగుతుంది. ఆ బిడ్డలో చెడింది చెవి. మెదడులో భాషకు కావలసినదంతా సిద్ధంగా ఉంది. ఇది మీరు ఇంటికి పట్టుకెళ్ళాలి. సిద్ధంగా ఉంది, కానీ ఎదురుచూడదు. మొదటి ఏళ్ళలో ఏ భాషా అందకపోతే తర్వాత ఎంత పోసినా వ్యాకరణం పూర్తిగా పట్టుబడదు.

ఏ భాషైనా అన్నాను. సైగల భాష కూడా. పుట్టు చెవిటివాళ్ళకు ఎడమ మెదడులో పక్షవాతం వస్తే చెయ్యి ఆడుతూనే ఉన్నా సైగల భాష చెదిరిపోతుందని అమెరికాలో ఉర్సులా బెలూగీ బృందం 1980లలో చూపించింది. మెదడుకు నోరైనా చేతులైనా ఒకటే. మధ్య అమెరికా దేశం నికరాగువాలో 1970ల చివర చెవిటి పిల్లల్ని ఒక బడిలో చేరిస్తే, నేర్పినవాళ్ళు లేకుండానే పిల్లలే ఒక భాష కట్టుకున్నారు. తర్వాత చేరిన పసివాళ్ళు దానికి ఇంకా పక్కా వ్యాకరణం తెచ్చారు.

మా పిల్లను చేర్చిన బడిలో సైగ చేస్తే వేళ్ళ మీద బెత్తం దెబ్బ! సైగలు అలవాటైతే మాట రాదని. పేరు చెప్పను, ఇప్పుడు చెప్పి లాభం లేదు. హాస్టల్లో రాత్రిపూట పెద్ద పిల్లల దగ్గర దొంగతనంగా నేర్చుకుంది. తనకంటూ ఒక భాష దొరికేసరికి దానికి ఏడో ఏడు నడుస్తోంది. ఇప్పుడు కుట్టుమిషను మీద బతుకుతోంది, ఎవరి మీదా ఆధారపడలేదు. కానీ నాతో పొడుగు సంగతి ఏదన్నా చెప్పాలంటే ఈనాటికీ మధ్యలో ఆగిపోతుంది, కళ్ళు తిప్పుకుంటుంది. నాకు కోపం దాని మీద కాదు.

వెనక వరసలో ఆశా కార్యకర్తలున్నారు. అమ్మా, మీతోనే మాట్లాడుతున్నాను. నిద్రపోతున్న పసిబిడ్డ చెవిలో చిన్న మొన పెట్టి చేసే పరీక్ష ఉంది, సూది లేదు, నొప్పి లేదు, నిమిషాల్లో అవుతుంది. అనుమానం వస్తే, శబ్దానికి చెవి నరం, మెదడు ఎట్లా స్పందిస్తున్నాయో చూసే బెరా పరీక్ష. నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి మిషనో, సైగల భాషో, రెండూనో మొదలవ్వాలి. లోచెవిలో పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ కుదిరితే చేయించండి, కానీ ఆపరేషన్ దాకా బిడ్డను భాష లేకుండా ఉంచకండి. వస రుద్దుతామంటే అవ్వల మనసు కష్టపెట్టకుండానే ఆపండి, బిడ్డను మాత్రం ఆసుపత్రికి తీసుకుపోండి.

అధ్యక్షా, చివరిగా ఒక కోరిక. వచ్చే ఆగస్టు 29న ఈ వేదిక పక్కన భారతీయ సైగల భాష చెప్పే మనిషి ఒకరు నిలబడాలి, ఈ ఊళ్ళోని చెవిటివాళ్ళకు ముందు వరస కేటాయించాలి. ఒప్పుకుంటున్నామని మీరు ఇప్పుడే, ఈ మైకులోనే చెప్పండి. నేను పక్కకు జరుగుతున్నాను.