పాస్టరయ్య గారి పొగాకు చేను

వేదిక మీద ఉన్న పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వాళ్ళకు, యవ్వనస్థులకు, ఒంగోలు నుంచి, కందుకూరు నుంచి బస్సులు మారి వచ్చిన చుట్టాలకు, షామియానా కింద చోటు చాలక గోడ వార నిలబడ్డ పిల్లలకు, అందరికీ వందనాలు. పేర్లు చెప్పడం మొదలుపెడితే ఒకరిని మరిచిపోతాను, వాళ్ళు సంవత్సరమంతా గుర్తుపెట్టుకుంటారు. అందుకని చెప్పను.

నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. మైకు ఇస్తే వదలరని మా ఇంటికి పాత పేరు. సెక్రటరీ గారు వాచీ చూసుకోవద్దు.

ఈ ఊళ్ళో సేవ చేసిన పాస్టర్ల పేర్లు చెక్కిన రాయిని ఇందాకే తెరిచారు. అందులో మా నాయన పేరు ఉంది. సంతోషం. "మీ నాయన గారి సేవ గురించి నాలుగు మాటలు చెప్పమ్మా" అన్నారు. చెబుతాను. కానీ నాకు ముందు మాట్లాడిన అన్న మా నాయన సాక్ష్యం ఒకటి చెప్పారు చూడండి, ప్రభువు దినం కోసం నాయన తన పంట పోగొట్టుకున్నాడని, దాన్ని సరిచేయకుండా ఈ మైకు దిగను.

ముందు వెల్లంపల్లి సంగతి. మన జిల్లాలో ఏ క్రైస్తవ సభలోనైనా ఆ మాట రాకపోతే సభ పూర్తయినట్టు కాదు. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పెట్టాడు. కూటి కోసం మతంలో కలిశారని అనిపించుకోకూడదని, కరువు సాయం జరిగినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆరుగురు బోధకులు, ఇద్దరేసి వంతులు మారుతూ ఇచ్చారు. ఈ లెక్క మా నాయన మాకు ఎక్కం నేర్పినట్టు నేర్పాడు. రాత్రి అన్నం ముందు అడిగేవాడు, తప్పు చెబితే మళ్ళీ చెప్పించేవాడు. అంత లెక్క తెలిసిన మనిషికి ఇంట్లో లెక్క తెలియదు, అదీ నా బాధ.

పాస్టరు పిల్లలంటే ఏమిటో మీకు తెలుసు. చింతకాయ కొట్టినా, రాగం తప్పినా, "పాస్టరు పిల్లవి అయ్యుండి ఇదేం పని" అనే మాట. ఇంటికి ప్రసంగీకులు వస్తే కోడి కోస్తారు. ముక్కలు వాళ్ళకు, పులుసు మాకు. దేవుడి వాక్యం చెప్పేవాళ్ళు కోడి తొడ దగ్గర ఎందుకంత శ్రద్ధ చూపిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నవ్వకండి, వేదిక మీదున్న అయ్యగార్లను ఉద్దేశించి అనలేదు.

నాయనకు పై నుంచి వచ్చే జీతం పేరుకే. సంఘంలో ఆడవాళ్ళు వండుకునే బియ్యంలోంచి రోజూ పిడికెడు తీసి, ఆదివారం తెచ్చి పోసేవాళ్ళు. పొగాకు కూలికి పోయే తల్లులు. ఆకు కర్రలకు కట్టీ కట్టీ చేతులకు నల్లగా జిగురు పట్టేది, ఎంత తోమినా పోదు. కానుక సంచిలో పడ్డ రూపాయి నోటు కూడా పొగాకు వాసన కొట్టేది. ఆ బియ్యం తిని పెరిగిన ఒళ్ళు ఇది.

మిగతాదంతా చేను. మా అమ్మ పుట్టింటివాళ్ళు ఇచ్చిన చెక్క కొంత, కౌలు కొంత, నల్లరేగడి. వర్జీనియా పొగాకు వేసేవాళ్ళం. ఇక్కడే తమాషా. చుట్ట తాగేవాడు సంఘంలో పెద్దగా ఉండకూడదని నాయన కట్టడి. ఆదివారం పొగ తాగడం మీద ప్రసంగం, సోమవారం చీకటితో ఆకు రెలుపు, అంటే ఆకు కోత. ఒకసారి ఎవరో అడిగేశారు, ఇదేంటయ్యా అని. "తాగేవాడి లెక్క దేవుడు చూసుకుంటాడు, ఎరువుల కొట్టువాడి లెక్క నేను చూసుకోవాలి" అన్నాడు. అందరూ నవ్వారు. నాయనకు మాట బాగా వచ్చు.

చూసుకునేది మాత్రం ఆయన కాదు. నారుమడి దగ్గర్నుంచి ఆరిన ఆకును మండె కట్టి పేర్చేదాకా అమ్మే. బ్యారన్, అదే పచ్చాకును వేడి పెట్టి ఆరబెట్టే కొట్టం, మాది కాదు, ఊళ్ళో ఒక ఆసామిది. ఆయన ఆకు కాలాక మాకు వంతు. 95 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఆకు పచ్చదనం పోయి రంగు తిరిగాక మెల్లగా పెంచుకుంటూ, ఈనె ఎండేసరికి 160కి తేవాలి. అయిదారు రోజులు రాత్రనక పగలనక. తొందరపడితే ఆకు మాడుతుంది, మంట పడిపోతే మచ్చ పడుతుంది. అమ్మకు చదువు రాదు. థర్మామీటరు మీద అంకెలు మాత్రం నేర్చుకుంది. అదీ చూడకుండా, తలుపు సందులోంచి వచ్చే వాసనను బట్టి "ఇంకో మొద్దు వెయ్యి" అనేది.

ఆ ఏడు మా వంతు ఆదివారం మీద పడింది. శనివారం రాత్రి ప్రార్థనలో ఒక పెద్దమనిషి అన్నాడు, పాస్టరమ్మే గుడికి రాకపోతే మిగతా ఆడవాళ్ళకు మనమేం చెబుతామని. నాయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఇంటికొచ్చి, "రేపు గుడికి రా" అన్నాడు.

"మంటకు ఆదివారమని తెలుసా?" అంది అమ్మ.

"సంఘం ముందు నా పరువు" అన్నాడు.

వెళ్ళింది. కూలికి పెట్టిన ముసలాయన కునుకు తీశాడు. లేచి చూస్తే మంట పడిపోయి ఉంది. భయపడి ఒకేసారి మొద్దులు తోశాడు. ఆయన్ను నేనేమీ అనను, అయిదు రాత్రుళ్ళ నిద్ర బాకీ ఆ మనిషిది. తలుపు తీసేసరికి బ్యారన్ నిండా మచ్చలాకు. కొనేవాడు మొత్తం లోగ్రేడులో వేశాడు. ఎరువుల బాకీకి పాడిగేదెను తోలుకుపోయారు. మా తమ్ముడు అప్పుడు పాలు తాగే వయసు.

అక్కడితో అయిపోయుంటే నేను ఈ సంగతి ఎత్తేదాన్ని కాదు. మరుసటి ఏడు పెద్ద కూటాల్లో నాయన లేచి సాక్ష్యం చెప్పాడు. "ప్రభువు దినాన్ని ఆచరించడం కోసం నా పంట పోగొట్టుకున్నాను" అని. జనం కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఏ ఊరు పోయినా అదే సాక్ష్యం. అమ్మ ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని పుస్తకంలోకి చూస్తుండేది. చదువు రాని మనిషి.

నా పంట అన్నాడండీ! చెప్పండి, అది ఎవరి పంట? వెనక కూర్చున్న అక్కలూ, మీరు చెప్పండి.

మా నాయన చెడ్డవాడు కాదు. అర్ధరాత్రి ఎవరు పిలిచినా సైకిలేసుకుని పోయేవాడు, వానలో ఎవరూ రాకపోతే తానే గుంట తవ్వి పూడ్చిపెట్టి వచ్చేవాడు. అదీ నిజమే. రాయి మీద ఆయన పేరు ఉండాల్సిందే.

అమ్మ పేరు మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ఊరందరికీ పాస్టరమ్మ. అందుకే కాగితం మీద రాసి తెచ్చాను, సెక్రటరీ గారి చేతికి ఇచ్చాను. ఆ రాయి మీద ఉన్న ప్రతి పాస్టరు పక్కనా ఆయన భార్య పేరు చెక్కించాలి. చెక్కే మేస్త్రీతో మాట్లాడాను, ఖర్చు నాది. ఆలోచిస్తాం, కమిటీలో పెడతాం అనొద్దు. ఇప్పుడే చెప్పండి.

ఆగండి. ఇప్పుడున్న పాస్టరమ్మ ఇక్కడ లేదు, చూశారా? వెనక గాడిపొయ్యి దగ్గర ఉంది, పొద్దుట్నుంచీ. ఎవరన్నా మగపిల్లలు పోయి ఆ గరిటె పట్టుకోండి, ఆమెను లోపలికి పంపండి. ఆమె వచ్చి కూర్చున్నాక కమిటీ వాళ్ళు జవాబు చెబుతారు. అన్నాలు కొంచెం ఆలస్యమైనా ఫర్వాలేదు.