4294967297: ఐదో ప్రయత్నానికే దొరికే కారణాంకం

అందరికీ నమస్కారం. బోర్డు మీద ఉన్నది 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లకి దీని పక్క సంఖ్య బాగా తెలుసు. 32 బిట్లతో రాయగలిగే విలువలు మొత్తం 4294967296, అంటే 2³². దానికి ఒకటి కలిపితే మన సంఖ్య.

3, 5, 17, 257, 65537. ఇవి 2కి 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒకటి కలిపితే వచ్చేవి. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది మనది. ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో పాతికేళ్ల స్విస్ గణితవేత్త ఆయిలర్ అది తప్పని తేల్చాడు: 641 × 6700417.

చిక్కడపల్లి లైబ్రరీలో పోటీ పరీక్షలకి చదివే పిల్లలకి ఇలాంటి లెక్క వస్తే టెన్షనే. 3, 7, 11 అంటూ భాగించుకుంటూ పోతే 641 నూట పదహారో ప్రధాన సంఖ్య. కానీ ఈ సంఖ్యకి ప్రధాన కారణాంకం ఏదున్నా, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయిలర్ తర్వాత రుజువు చేశాడు. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. ఐదోదే! ఆ రుజువుకి ఆధారమైన సిద్ధాంతం 1640లో ఫెర్మా చెప్పిందే. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నిజానికి 257ని కూడా చూడక్కర్లేదు. 3 × 5 × 17 × 257 × 65537 = 4294967295, మన సంఖ్యకి సరిగ్గా రెండు తక్కువ. ఈ ఐదింట్లో ఏదైనా మన సంఖ్యని భాగిస్తే 2ని కూడా భాగించాలి. అది కుదరదు.

ఇప్పుడు కాగితం తీయండి. 640 = 5 × 2⁷. కాబట్టి 640⁴ = 5⁴ × 2²⁸. 640 అనేది 641 కంటే ఒకటి తక్కువ, అందుకే 640⁴ని 641తో భాగిస్తే 1 మిగులుతుంది. ఇక 5⁴ అంటే 625, అంటే 641 − 16. ఆ 5⁴ స్థానంలో ఇది పెట్టండి. 641 ఉన్న ముక్క నిశ్శేషంగా పోతుంది. మిగిలేది −16 × 2²⁸, అంటే −2³². అంటే 1కీ, −2³²కీ మధ్య తేడాని 641 భాగిస్తుంది. ఆ తేడా 2³² + 1. అదే మన సంఖ్య. పది అంకెల భాగహారం ఒక్కటీ చెయ్యలేదు చూడండి.

ఇంకో దారి కూడా ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. మన సంఖ్య 65536² + 1² అని తెలుసు కదా. 62264² + 20449² కూడా అంతే వస్తుంది. ఫోన్లో వేసి చూసుకోండి. ప్రధాన సంఖ్యని రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయడం అసాధ్యం. కాబట్టి కారణాంకం ఒక్కటీ తెలియకపోయినా ఇది సంయుక్త సంఖ్యేనని ఈ ఒక్క లైనుతో తేలిపోతుంది.

ఈ వరుసలో మన సంఖ్య తర్వాత ప్రధాన సంఖ్య ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు. 2కి 32 నుంచి 2³² దాకా ఘాతాలున్నవన్నీ సంయుక్తాలేనని తేలింది. ఘాతం 2³³ ఉన్నదాని సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు.