కరెంటు కిట్ రివ్యూ: బల్బు కరెంటును తినేస్తుందా?

నమస్తే అండీ. ఈ రోజు బల్ల మీద ఉన్నది పిల్లల కరెంటు కిట్. రెండు టార్చి సెల్లులు, రెండు చిన్న బల్బులు, స్విచ్, క్లిప్పులున్న వైర్లు, ఒక దిక్సూచి, కరెంటు ఎంత పారుతుందో కొలిచే ఒక అమ్మీటర్. ఆరేడు తరగతుల పిల్లలకు కొనొచ్చా? తప్పకుండా కొనొచ్చు. అదీ ఆ అమ్మీటర్ కోసం.

బల్బు వెలిగింది కాబట్టి కరెంటు అందులో ఖర్చైపోయిందని చాలామంది పిల్లలు అనుకుంటారు. కరెంటు వలయం (సర్క్యూట్) బొమ్మ చక్కగా గీసేవాళ్లు కూడా అలాగే అనుకుంటారు. ఇప్పుడు అమ్మీటర్‌ని బల్బుకు ముందు కలుపుతున్నా. సూది 0.3 ఆంపియర్ దగ్గర ఆగింది. విప్పి, బల్బుకు అవతలి వైపు కలుపుతున్నా... చూశారా, మళ్లీ 0.3 దగ్గరే! వెళ్లిందంతా బయటికి వచ్చేసింది. మరి ఖర్చయిందేంటి? శక్తి. సైకిల్ చైన్ ఒక్క లింకు కూడా తగ్గకుండా తిరిగి పెడల్ దగ్గరికే వస్తుంది, అయినా చక్రాన్ని తిప్పుతుంది కదా, ఇదీ అంతే. సెల్లు అయిపోయిందంటే అందులోని రసాయన శక్తి అయిపోయిందని అర్థం.

రెండో బల్బును శ్రేణిలో, అంటే మొదటిదాని వెనకే ఒకే దారిలో కలుపుతున్నా. రెండూ మసకబారాయి. కరెంటు సగానికి పడిపోవాలి అనుకుంటాం, కానీ సూది 0.2 దగ్గరుంది. ఫిలమెంటు, అంటే బల్బులో వెలిగే సన్నని తీగ, అంతగా వేడెక్కలేదు, అందుకే దాని నిరోధం (కరెంటును అడ్డుకునే గుణం) కూడా తగ్గింది. ఈ ముక్క కిట్‌తో వచ్చిన గైడులో లేదు, ఉండి తీరాల్సింది. ఒక బల్బు విప్పితే రెండోదీ ఆరిపోతుంది. సమాంతరంగా, అంటే ఒక్కో బల్బుకు విడి దారి ఉండేలా కలిపితే ఆరదు.

దిక్సూచి ప్రయోగం కూడా బాగుంది. వైరును ముల్లు మీదుగా, ముల్లు చూపే దిశలోనే పెట్టి స్విచ్ నొక్కండి, ముల్లు పక్కకు తిరుగుతుంది. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయిర్‌స్టెడ్ గమనించింది ఇదే.

క్లిప్పులు కాస్త వదులుగా ఉన్నాయి, సర్దుకోవచ్చు. నాకు నచ్చనిది ఒకటే: గైడులో అమ్మీటర్‌ని చిట్టచివరి పేజీకి నెట్టేశారు. మీరు మాత్రం మొదటి రోజే బయటికి తీయండి. సూది ఎక్కడ ఆగుతుందో పిల్లల్ని ముందే ఊహించి రాయమనండి, ఆ తర్వాతే స్విచ్ నొక్కనివ్వండి.

ఒక జాగ్రత్త. మధ్యలో బల్బు లేకుండా అమ్మీటర్‌ని నేరుగా సెల్లుకు కలపొద్దు, కాలిపోయే ప్రమాదం ఉంది. ఈ వైర్లను ఇంట్లో ప్లగ్గు దగ్గరికి అస్సలు తీసుకెళ్లనివ్వకండి.