ఎర్ర గులాబీ ఎంత నలుపు?

శ్రోతలకు నమస్కారం. కంటితో చూడాల్సిన సంగతిని ఇవాళ చెవికి చెప్పబోతున్నాను. కాస్త ఊహించుకుంటూ వినండి.

పచ్చటి ఆకుల మధ్య ఒక ఎర్ర గులాబీ ఉంది. ఫోటో తీశారు. బ్లాక్ అండ్ వైట్‌లో బాగుంటుందనిపించి, ఫోన్‌లో సాచురేషన్‌ను, అంటే రంగుల గాఢతను, పూర్తిగా తగ్గించేశారు. అంతే, గులాబీ మాయం! ఉండటానికి ఉంది, కానీ ఆకుల్లో కలిసిపోయింది. రంగులుగా ఎరుపు, పచ్చ ఎంత వేరో మనకు తెలుసు. వెలుగు మాత్రం ఆ రెంటిదీ ఇంచుమించు ఒకటే అయితే, రంగు పోయాక వాటిని విడదీసేది ఏదీ ఉండదు.

డిజిటల్ ఫోటోలో ప్రతి చుక్కకీ మూడు అంకెలుంటాయి. ఎరుపు, పచ్చ, నీలం ఒక్కొక్కటీ ఎంతుందో సాధారణంగా 0 నుంచి 255 దాకా చెబుతాయి. బ్లాక్ అండ్ వైట్‌కి ఒక్క అంకె చాలు. మూడింటినీ ఏ పాళ్లలో కలిపి ఆ ఒక్కటీ చేస్తామన్నదే అసలు పని. బాగా వాడుకలో ఉన్న ఒక లెక్కలో పచ్చ 59 శాతం, ఎరుపు 30, నీలం 11. మన కంటికి పచ్చ ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది కాబట్టి దానికి పెద్ద వాటా. అయితే ఇదేమీ శాసనం కాదు. ఎడిటింగ్ యాప్‌లో ఎరుపు ఫిల్టర్ పెట్టి, అంటే ఎరుపు వాటా పెంచి చూడండి, గులాబీ తెల్లగా వెలిగి ఆకులు నల్లబడతాయి. పచ్చ ఫిల్టర్ పెడితే సరిగ్గా తలకిందులు.

ఫిల్మ్ రోజుల్లో ఇదే పనిని లెన్స్ ముందు పెట్టే రంగు గాజు చేసేది. 1927లో అమెరికాలోని యోసెమిటీలో ఆన్సెల్ ఆడమ్స్ అనే ఫోటోగ్రాఫర్ హాఫ్ డోమ్ కొండను ముందు పసుపు ఫిల్టర్‌తో తీశాడు. ఆకాశం తను అనుకున్నంత గంభీరంగా రాదేమోనని, మిగిలిన ఒకే ఒక్క ప్లేటుకి, అంటే ఫోటో పడే గాజు పలకకి, ముదురు ఎరుపు ఫిల్టర్ వాడాడు. ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. ఆయన తీసేముందే తేల్చుకోవాలి. మనం తీశాక, టీ తాగుతూ తేల్చుకోవచ్చు.

మనుషుల ఫోటోలకి ఎరుపు ఫిల్టర్ మంచి స్నేహితుడు, మొటిమల ఎరుపును కప్పేస్తుంది. ఎక్కువైతే పెదాలు కూడా పాలిపోతాయి, జాగ్రత్త. నీలం ఫిల్టర్ మాత్రం ప్రతి మచ్చనీ ఎత్తి చూపిస్తుంది. ఆకాశాన్ని మరీ నల్లగా లాగితే గరుకుదనం, అంచుల చుట్టూ తెల్లటి గీత బయటపడతాయి. అక్కడ ఆగిపోవడం మేలని నా అభిప్రాయం.

ఇంకో మాట. కెమెరాలోనే బ్లాక్ అండ్ వైట్ మోడ్ పెట్టి జేపెగ్‌గా, అంటే మామూలు ఫోటో ఫైలుగా తీస్తే, తర్వాత మార్చుకోవడానికి రంగులే మిగలవు. రంగుల్లోనే తీసి, మార్పులన్నీ కాపీ మీద చేయండి. నేనొకసారి తొందరలో అసలు ఫోటో మీదే సేవ్ నొక్కేశాను. అందులోని పువ్వు ఏ రంగో ఇప్పుడు నాకే గుర్తులేదు.

సెలవు.