అద్దం లేకపోతే ఫొటో ఎక్కువ షార్ప్‌గా వస్తుందా?

(తెర మీద: ఒకే ముఖాన్ని తీసిన రెండు ఫొటోలు పక్కపక్కనే. కళ్ల దగ్గరికి నెమ్మదిగా జూమ్.)

నమస్కారం. ఎడమవైపు ఫొటోలో కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. కుడివైపు ఫొటోలో అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, చెవి పక్కనున్న జుట్టు మాత్రం చాలా స్పష్టంగా ఉంది. మొదటిది లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాతోనూ, రెండోది లెన్సు నుంచి వచ్చే వెలుగును అద్దంతో వ్యూఫైండరుకు, అంటే కన్ను పెట్టి చూసే కిటికీకి, మళ్లించే డీఎస్ఎల్ఆర్‌తోనూ తీసినవి. ఇలాంటి జతను చూసినవారు అద్దం తీసేయడం వల్లే స్పష్టత పెరిగిందని అనుకోవడం సహజం. కానీ కుడివైపు ఫొటోను మరోసారి గమనించండి: అందులో స్పష్టతకు లోటేమీ లేదు, అది ఉండవలసిన చోట కాకుండా కొన్ని సెంటీమీటర్లు వెనక్కి వెళ్లి కూర్చుంది.

(తెర మీద: డీఎస్ఎల్ఆర్ నిలువుకోత బొమ్మ. అద్దం పైకి లేస్తుంది.)

షట్టరు తెరుచుకునే క్షణానికి డీఎస్ఎల్ఆర్‌లో కూడా అద్దం అడ్డు ఉండదు. అది అప్పటికే పైకి లేచిపోతుంది కనుక, రెండు రకాల కెమెరాల్లోనూ వెలుగు లెన్సు గుండా వచ్చి నేరుగా ఫొటోను నమోదు చేసే సెన్సారు మీదే పడుతుంది. నికాన్ సంస్థ 2017లో తెచ్చిన డీ850 అనే డీఎస్ఎల్ఆర్‌నూ, 2018లో తెచ్చిన జెడ్7 అనే మిర్రర్‌లెస్‌నూ తీసుకోండి. రెండూ 45.7 మెగాపిక్సెళ్లవే, రెండూ 8256 × 5504 పిక్సెళ్ల ఫొటోనే ఇస్తాయి. నికాన్ డీఎస్ఎల్ఆర్ లెన్సులను జెడ్ కెమెరాలకు కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టరులో గాజు ఏదీ ఉండదు కాబట్టి, డీ850 మీద వాడిన లెన్సునే జెడ్7కు కూడా తగిలించవచ్చు. ట్రైపాడ్ మీద పెట్టి, ఫోకస్‌ను చేత్తో జాగ్రత్తగా సరిచేసి తీస్తే, ఏ ఫొటో దేనితో తీశారో చెప్పడం అనుభవం ఉన్నవారికి కూడా చాలా కష్టం.

మరి తేడా ఎక్కడ పుడుతుంది? ఫోకస్‌ను కొలిచే చోటులో పుడుతుంది. నా దృష్టిలో ఈ చర్చ మొత్తానికీ కీలకం ఇదే, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

(తెర మీద: పెద్ద అద్దం వెనక ఉన్న చిన్న అద్దం, దాని నుంచి కిందికి దిగే కాంతిరేఖ.)

డీఎస్ఎల్ఆర్‌లో పెద్ద అద్దం వెనక మరో చిన్న అద్దం ఉంటుంది. అది కొంత వెలుగును కెమెరా అడుగున ఉన్న ప్రత్యేకమైన ఫోకస్ సెన్సారుకు పంపిస్తుంది. అంటే ఫోకస్ కొలిచేది ఒక చోట, ఫొటో పడేది మరో చోట. లెన్సు నుంచి ఈ రెండింటికీ ఉన్న దూరం కచ్చితంగా సమానమైతేనే కొలత సరిపోతుంది. అద్దం కోణంలోనో, లెన్సు బిగింపులోనో అతిచిన్న తేడా ఉన్నా, ఫోకస్ కుదిరిందని కెమెరా నమ్ముతుంది గానీ స్పష్టత కొంచెం ముందుకో వెనక్కో జరుగుతుంది. ఫ్రంట్ ఫోకస్, బ్యాక్ ఫోకస్ అని ఫొటోగ్రాఫర్లు చెప్పుకొనేవి ఈ లోపాలే. 85 ఎంఎం లెన్సు అపర్చర్‌ను, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 1.8 వరకు వెడల్పుగా తెరిచి మీటరున్నర దూరంలోని ముఖాన్ని తీస్తే, స్పష్టంగా కనిపించే లోతు మొత్తం కలిపి సుమారు 3 సెంటీమీటర్లే. అంత సన్నని పొరలో కన్ను ఉండవలసి వచ్చినప్పుడు, చిన్న పొరపాటు కూడా ఇందాక చూసిన కుడివైపు ఫొటోలా బయటపడుతుంది.

మిర్రర్‌లెస్‌లో ఈ రెండు చోట్లు ఒకటే. ఫొటో తీసే సెన్సారే ఫోకస్‌ను కూడా కొలుస్తుంది, కనుక వాటి మధ్య పొత్తు కుదరకపోవడమనే సమస్యే రాదు. కంటిని గుర్తుపట్టి దాన్నే అంటిపెట్టుకునే సౌకర్యం కూడా దీనికి తోడైంది. అలాగని మిర్రర్‌లెస్ ఇచ్చే అత్యుత్తమ ఫొటో డీఎస్ఎల్ఆర్ ఇచ్చే అత్యుత్తమ ఫొటో కంటే షార్ప్‌గా ఉంటుందని నేను అనను. వరసగా తీసిన ఫొటోల్లో గురి తప్పనివి ఎక్కువ ఉంటాయని మాత్రం నిస్సంకోచంగా చెబుతాను. పెద్ద అపర్చర్ల దగ్గర మనుషుల ఫొటోలు తీసేవారికి ఇది చిన్న లాభం కాదు.

ఇక కదలిక సంగతి. డీఎస్ఎల్ఆర్‌లో అద్దం పైకి లేచి తగిలినప్పుడు బాడీ అదురుతుంది. మరీ వేగంగానూ కాక, చాలాసేపూ కాక, సెకనులో సగం నుంచి 1/60 వరకు ఉండే షట్టర్ వేగాల దగ్గర, ముఖ్యంగా పొడవాటి టెలీ లెన్సులతో, ఆ అదురు ఫొటోలో కనిపించవచ్చు. దానికి విరుగుడుగా, అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచే మిర్రర్ లాకప్ ఎప్పటినుంచో ఉంది. అయితే మిర్రర్‌లెస్‌కు అదురే లేదనడం సరికాదు. దానిలో షట్టరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి, ఫొటో తీయాలంటే ముందు మూసుకుని, మళ్లీ తెరుచుకోవాలి. ఆ కుదుపు వల్ల కూడా కొన్ని వేగాల దగ్గర గీతలు జంటగా కనిపిస్తాయి. షట్టరులో ముందుగా కదిలే మొదటి తెర పనిని ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరిపించే అమరికను ఎంచుకుంటే అది పోతుంది. చేతి వణుకును సరిచేసేలా సెన్సారును కదిలించే ఏర్పాటు మిర్రర్‌లెస్ సొత్తేమీ కాదు. పెంటాక్స్, సోనీ సంస్థల డీఎస్ఎల్ఆర్‌లలో అది 2006 నాటికే ఉంది.

(తెర మీద: రెండు లెన్సుల వెనుక భాగాలు, సెన్సారు వరకు దూరాన్ని చూపే గీతలు.)

కాంతిశాస్త్రపరంగా అసలైన తేడా లెన్సు నిర్మాణంలో ఉంది. అద్దం ఊగడానికి చోటు వదలాలి కనుక నికాన్ డీఎస్ఎల్ఆర్‌ల ఎఫ్ మౌంటులో సెన్సారుకూ, లెన్సును బిగించే మౌంటుకూ మధ్య 46.5 మిల్లీమీటర్లు, క్యానన్ ఈఎఫ్‌లో 44 మిల్లీమీటర్లు ఉంచారు. అద్దం పోయాక ఆ దూరం నికాన్ జెడ్‌లో 16కు, క్యానన్ ఆర్‌ఎఫ్‌లో 20కు తగ్గింది. దీంతో పెద్ద గాజుపలకలను సెన్సారుకు బాగా దగ్గరగా పెట్టే వీలు కలిగింది. ఆ ఫలితం ఫొటో నడిమధ్యలో కంటే మూలల్లో, అదీ వైడ్ యాంగిల్ లెన్సులతో తీసిన వాటిలో ఎక్కువగా కనిపిస్తుంది. అయితే కొన్ని కొత్త లెన్సుల్లో తిన్నని గీతలు వంగి కనిపించడాన్ని సరిచేసే పనిని సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తారు. అప్పుడు మూలలు సాగుతాయి, సాగిన చోట సూక్ష్మవివరాలు కొంత పలచబడతాయి.

రెండు కెమెరాలను పోల్చేవారు తరచూ మరిచిపోయేది ఒకటుంది. 24 మెగాపిక్సెళ్ల పాత డీఎస్ఎల్ఆర్‌ను 45 మెగాపిక్సెళ్ల కొత్త మిర్రర్‌లెస్ పక్కన పెట్టి అద్దం గురించి తీర్పు చెప్పడం న్యాయం కాదు. సెన్సారు ముందు సూక్ష్మవివరాలను కొద్దిగా మెత్తబరిచే లోపాస్ ఫిల్టరు ఉందా లేదా, కెమెరా తనంతట తాను జేపెగ్‌కు ఎంత షార్పెనింగ్ కలిపింది అనేవి కూడా కంటికి కనిపించే తేడాను తెస్తాయి. అందుకే పోలిక ఎప్పుడూ కెమెరా మెరుగులు దిద్దని రా ఫైళ్లతో, ఒకే లెన్సుతో, ఒకే అపర్చర్‌తో జరగాలి.

ఇప్పటికే డీఎస్ఎల్ఆర్ ఉన్నవారు కొత్తది కొనేముందు ఒక పరీక్ష చేయవచ్చు. కెమెరాను ట్రైపాడ్ మీద ఉంచి, అచ్చు అక్షరాలున్న కాగితాన్ని ఎదురుగా గోడకు అంటించి, లెన్సును పూర్తిగా తెరిచి, వ్యూఫైండరు ద్వారా ఫోకస్ చేసి కొన్ని ఫొటోలు, కెమెరా వెనక తెర మీద చూస్తూ తీసే లైవ్ వ్యూలో మరికొన్ని తీయండి. లైవ్ వ్యూలో ఫోకస్‌ను కొలిచేది ప్రధాన సెన్సారే. ఆ ఫొటోలు మాత్రమే షార్ప్‌గా వస్తే, మీ కెమెరా మెనూలో ఫోకస్‌ను కొద్దిగా ముందుకో వెనక్కో జరిపే ఫోకస్ ఫైన్‌ట్యూన్ ఉందేమో చూసి సరిచేసుకోండి. డీ850 లాంటి కొన్ని మోడళ్లు ఆ విలువను తామే లెక్కగడతాయి. రెండు రకాల ఫొటోలూ మెత్తగానే ఉంటే మాత్రం లెన్సును అనుమానించాలి. అదే లెన్సును అడాప్టరుతో మిర్రర్‌లెస్‌కు తగిలించినా ఆ మెత్తదనం అలాగే ఉంటుంది.