నెగెటివ్ వచ్చింది సరే, ఆయాసం సంగతేంటి?

నమస్కారం అండీ. 2021 మే నెల, కోవిడ్ రెండో వేవ్ గుర్తుందా? బంధువుల్లో ఎవరికి ఫోన్ చేసినా "స్కోర్ ఎంతొచ్చింది?" అనే అడిగేవాళ్లం. పరీక్షలో మార్కుల్లాగా 25కి 8, 25కి 14 అని చెప్పుకునేవాళ్లం. అది ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీటీ స్కాన్ స్కోర్. జనం స్కాన్ల మీద అంతలా పడటానికి భయం ఒక కారణమైతే, ముక్కులోంచి శాంపిల్ తీసి వైరస్‌ను వెతికే ఆర్టీపీసీఆర్ పరీక్ష రిపోర్ట్ ఇంకో కారణం. మనిషి జ్వరంతో మూలుగుతుంటాడు, ఆక్సిజన్ 88కి పడిపోతుంది, రిపోర్ట్‌లో మాత్రం నెగెటివ్ అని ఉంటుంది.

అలాగని ల్యాబ్ వాళ్లు తప్పు చేశారని అనుకోకండి. ముందు శాంపిల్ తీసే పుల్ల సంగతి చూద్దాం. అది ముక్కులోంచి పైకి కాదు, చెవి వైపుగా అడ్డంగా, గొంతు వెనక గోడ తగిలేదాకా వెళ్లాలి. కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పేషెంట్ తల వెనక్కి లాక్కున్నాడని ముక్కు అంచున తిప్పి తీసేస్తే, యంత్రం ఎంత గొప్పదైనా దానికి దొరికేదేముంది?

తర్వాత రోజుల లెక్క. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2020లో అప్పటిదాకా వచ్చిన ఏడు అధ్యయనాలు కలిపి చూశారు. లక్షణాలు మొదలైన రోజే పరీక్ష చేస్తే, జబ్బు ఉన్న 100 మందిలో సుమారు 38 మందికి నెగెటివే వస్తోంది. ఇంకో మూడు రోజులాగి చేస్తే ఆ సంఖ్య 20కి తగ్గింది. ఆ తర్వాత మళ్లీ పెరుగుతూ పోయింది. ఎందుకంటే రోజులు గడిచేకొద్దీ ముక్కులో, గొంతులో వైరస్ తగ్గిపోతుంది, కింద ఊపిరితిత్తుల్లో మాత్రం ఉండొచ్చు. అందుకే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు గొట్టంలోంచి కఫం లాగి పంపుతారు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఊరంతా కోవిడ్ ఉన్న సమయంలో, ఇంట్లో ఇద్దరికి పాజిటివ్ వచ్చాక, జ్వరం, ఆయాసంతో ఒకాయన వచ్చాడు. ఇలాంటివాళ్లు 100 మంది వస్తే 80 మందికి జబ్బు ఉంటుందని డాక్టర్ అంచనా అనుకుందాం. పరీక్ష 100కి 70 కేసులే పట్టగలదు అనుకుందాం. అప్పుడు 56 మందికి పాజిటివ్ వస్తుంది, 24 మంది తప్పించుకుంటారు. నిజంగా జబ్బు లేనివాళ్లు 20 మంది. అంటే నెగెటివ్ కాగితం చేతికొచ్చిన 44 మందిలో సగానికి పైగా కోవిడ్ పేషెంట్లే! అదే పరీక్ష కోవిడ్ పెద్దగా లేని సీజన్‌లో, మామూలు జలుబుతో వచ్చినవాడికి చేస్తే ఆ నెగెటివ్‌ను నిశ్చింతగా నమ్మొచ్చు.

చైనాలోని వూహాన్‌లో ఈ కొత్త జబ్బు గురించి మొదట్లోనే హెచ్చరించిన డాక్టర్ లీ వెన్‌లియాంగ్‌కే ముందు పరీక్షల్లో నెగెటివ్ వచ్చింది. 2020 ఫిబ్రవరిలో, వూహాన్ ఉన్న హుబే ప్రావిన్స్ స్కాన్, లక్షణాలు చూసి డాక్టర్లు నిర్ధారించినవాళ్లను కూడా లెక్కలో కలిపింది. దాంతో ఒక్క రోజులో 14,840 కొత్త కేసులు కనిపించాయి. అందులో 13,332 ఇలా నిర్ధారించినవే. మన దగ్గర కూడా 2021 మే 8న కేంద్ర ఆరోగ్య శాఖ, కోవిడ్ ఆసుపత్రిలో చేరడానికి పాజిటివ్ రిపోర్ట్ తప్పనిసరి కాదని చెప్పింది. నన్నడిగితే ఆ మాట చాలా ముందే రావాల్సింది.

అయితే స్కాన్‌నూ దేవుణ్ణి చేయకండి. స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో మసక గాజులా కనిపించే గ్రౌండ్ గ్లాస్ మచ్చలు ఫ్లూలోనూ రావొచ్చు, గుండె బలహీనమై నీరు చేరినా రావొచ్చు. తేలికపాటి లక్షణాలకు సీటీ వద్దని అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా గారు మొత్తుకున్నదీ ఆ మే నెలలోనే.

మరి అనుమానం గట్టిగా ఉండి నెగెటివ్ వస్తే వార్డులో ఏం చేయాలి? పాజిటివ్ వాళ్ల మధ్యా పడుకోబెట్టకూడదు, జనరల్ వార్డులోనూ కలపకూడదు. విడిగా ఉంచి, మళ్లీ శాంపిల్ తీసి పంపాలి. ఫ్లూ అయితే ఇంకో మాట. ర్యాపిడ్ పరీక్షలు చాలా కేసుల్ని పట్టుకోలేవు కాబట్టి, ఆసుపత్రిలో చేరేంత జబ్బు ఉన్నవాళ్లకు రిపోర్ట్ కోసం ఆగకుండా ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు మొదలుపెడతారు.

మీవాళ్లెవరైనా అడ్మిట్ అయితే డ్యూటీ డాక్టర్‌కు రిపోర్ట్ ఒక్కటే చూపించి ఊరుకోకండి. జ్వరం ఏ తేదీన మొదలైంది, శాంపిల్ ఏ తేదీన, ఎక్కడి నుంచి తీశారు, ఇంట్లో ఇంకెవరికి దగ్గు ఉంది, ఇవి కూడా చెప్పండి.