చింతపండు లేకపోతే నిమ్మకాయ పిండేయొచ్చా?

(స్టవ్ మీద చిన్న స్టీలు గిన్నె. చింతపండు రసం, బెల్లం కలిసి సన్న సెగ మీద ఉడుకుతున్నాయి.)

నమస్తే అండీ. ఇది ఉడకడానికి ఇంకో పది నిమిషాలు పడుతుంది. ఇదేంటో తర్వాత చూద్దాం. ఆలోపు చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్న విషయం ఒకటి చెప్పేస్తాను.

"చింతపండు అయిపోయిందండీ, నిమ్మకాయ పిండేయొచ్చా?" పులుసు, చారు, సాంబారు, ఏ వీడియో పెట్టినా ఈ ప్రశ్న వస్తుంది. నేను చూసేలోపే ఎవరో ఒకరు "ఆఁ, పిండేయండి, ఏదైనా పులుపే కదా" అని జవాబు ఇచ్చేస్తారు. ఆ జవాబు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ మాట నమ్మి సాంబారులో నాలుగు నిమ్మకాయలు పిండి, పావుగంట మరిగించి, చేదు తట్టుకోలేక గిన్నెడు సాంబారు పారబోసినవాళ్ళు నాకు తెలుసు. పప్పు, ముక్కలు, పొద్దున్నే పడ్డ కష్టం, అన్నీ సింకులోకి పోయాయి.

ఏదైనా పులుపే అనేవాళ్ళని నేను అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో రెండు రకాల పులిహోర చేస్తారు కదా? రెండూ ఒకేలా చేస్తారా?

చింతపండు పులిహోరకి గుజ్జు తీసి, పోపులో పోసి, పసుపు, ఇంగువ, పచ్చిమిర్చి వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికిస్తాం. నిమ్మకాయ పులిహోరకి పోపు వేయించి, స్టవ్ కట్టేసి, అప్పుడు పిండుతాం. రెండూ పులుపే, రెండూ అన్నంలోకే. కానీ ఒకదాన్ని మంట మీద నిలబెడతాం, రెండోదాన్ని మంట దగ్గరికే రానివ్వం. ఇది మనందరికీ తెలుసు. తెలిసిన ఈ సంగతిని పులిహోర గిన్నె దగ్గరే వదిలేసి, సాంబారు దగ్గరికొచ్చేసరికి మర్చిపోతున్నాం.

ఎందుకు ఇలా? ఇది చూడండి.

(నిమ్మకాయ కెమెరా దగ్గరగా.)

తొక్క మీద ఈ చిన్న చిన్న చుక్కలు కనిపిస్తున్నాయా? ఒక్కోటి ఒక్కో నూనె తిత్తి. గోటితో ఇలా గిల్లితే... చూశారా, సన్నగా తుంపర లేచింది. నా వేళ్ళు ఇప్పుడు జిడ్డుగా ఉన్నాయి. నిమ్మకాయ అనగానే మనకి గుర్తొచ్చే వాసన చాలావరకు ఈ నూనెదే. కాయ కోసి పిండేటప్పుడు అది కాస్త రసంలోకి దిగుతుంది. వేడి తగిలితే గాల్లోకి ఎగిరిపోతుంది. వంటిల్లంతా ఘుమఘుమలాడుతోందంటే ఆ వాసన గిన్నెలోంచి పోతోందని అర్థం.

ఇక్కడే ఇంకో అపోహ ఉంది. మరిగిస్తే నిమ్మ పులుపు పోతుంది అంటారు. పోదండీ. నిమ్మలో పులుపు సిట్రిక్ ఆమ్లం వల్ల వస్తుంది, అది ఆవిరై పోయేది కాదు. వాసన పోయి, పులుపు మాత్రం మిగులుతుంది. దానికి తోడు చేదు మొదలవుతుంది. నిమ్మ జాతి రసాల్లో ఒక పదార్థం ఉంటుంది, పిండినప్పుడు దానికి చేదు ఉండదు. ఆ పులుపులోనే నానుతూ మెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. వేడి తగిలితే ఇంకా తొందరగా మారుతుంది. పొద్దున పిండి పెట్టుకున్న నిమ్మరసం సాయంత్రానికి చేదెక్కేది కూడా దీనివల్లే. గింజలు నలిగినా, తెల్లటి లోతొక్క గట్టిగా పిండినా ఆ చేదు ఎక్కువే.

ఇక చింతపండు సంగతి. దీని పులుపు ముఖ్యంగా టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలో ఉండేది కూడా ఇదే. పళ్ళలో ఎక్కువగా కనిపించేవి సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు, టార్టారిక్ ఇంతగా ఉన్న పళ్ళు తక్కువ. దానితో పాటు చింతపండులో చక్కెర బాగా ఉంటుంది, పులుసుకి చిక్కదనం ఇచ్చే పెక్టిన్ ఉంటుంది. ఉడికేకొద్దీ నీళ్ళు ఇగిరి, పచ్చి వాసన పోయి, రంగు ముదురుతుంది. అంటే నిమ్మకాయ మంట మీద తన గుణం పోగొట్టుకుంటుంది, చింతపండుకి గుణం వచ్చేదే మంట మీద. అందుకే చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది. నిమ్మకాయ పిండిన ఏ కూరా మర్నాడు అలా ఉండదు.

మన వంటల్లో "నిమ్మకాయంత చింతపండు" అని కొలత చెప్తాం. అది ఉండ సైజు మాత్రమే. నిమ్మకాయంత చింతపండు చేసే పని నిమ్మకాయ చేయలేదు.

ఇంకో మాట, చాలామందికి తెలియనిది. ఈ చింతచెట్టు మూలం ఆఫ్రికా. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట మన దేశానికి వచ్చి ఎంతగా కలిసిపోయిందంటే, అరబ్బులు దీన్ని చూసి 'తమర్ హిందీ', అంటే ఇండియా ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషులో టామరిండ్ అన్న పేరు అక్కణ్ణుంచే వచ్చింది. ఉగాది పచ్చడిలో కొత్త చింతపండు పిసికేటప్పుడు నాకు ఇది గుర్తొస్తుంది.

(గరిటెతో గిన్నెలోది కలిపి, పైకెత్తి చూపిస్తూ.)

ఇంకా పలచగానే ఉంది. ఉడకనిద్దాం.

ఇప్పుడు తెలంగాణ వాళ్ళు నన్ను ఆపేస్తారని నాకు తెలుసు. "చింతపండుకి మంట కావాలంటున్నావు, మరి పచ్చిపులుసు సంగతేంటి?" చాలా సరైన ప్రశ్న. పచ్చిపులుసులో రసం మరిగించం. పలచని చింతపండు నీళ్ళలో ఉల్లిపాయలు, కాల్చిన మిర్చి, జీలకర్ర, ఉప్పు చేత్తో నలిపి, పైన పోపు పెడతాం. కొందరు నువ్వుల పొడి కూడా వేస్తారు. పోపు తప్ప మంట లేదు, అయినా ఎంత బాగుంటుంది! కాబట్టి నా మాట కాస్త సరిచేసి చెప్తాను. చింతపండు మంటని తట్టుకుంటుంది, మంట లేకపోయినా నిలబడుతుంది. చిక్కగా కావాలంటే ఉడికించండి, పలచగా కావాలంటే పచ్చిగా వాడండి. చిక్కని రసం పచ్చిగా వాడితే మాత్రం నోరు పిండేస్తుంది. నిమ్మకాయకి ఈ రెండు దారులు లేవు.

అసలు పచ్చిపులుసు సగం డ్రింకే అంటాను నేను. ఎండాకాలం నేను చేసేది చెప్తాను. ఉల్లిపాయ తక్కువ వేసి, అంతా నలిపాక వడగట్టి, కుండలో నీళ్ళు కలిపి గ్లాసులో పోస్తాను. పోపు నూనెతో కాకుండా జీలకర్ర, ఎండుమిర్చి వట్టి మూకుడులో వేయించి, నలిపి చల్లుతాను. చల్లటి నీళ్ళలో నూనె తేలితే పెదాలకి జిడ్డుగా తగులుతుంది, అందుకే వద్దంటున్నాను. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక గ్లాసు తాగి చూడండి.

సరే, పులిహోర దగ్గరికే మళ్ళీ వస్తాను. ఏ పులుపు చేతికొచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: దీంతో పులిహోర చేస్తే ఎప్పుడు కలుపుతాను? పోపులో ఉడికించా, దించాకా? మామిడికాయ పులిహోర ఉందనుకోండి. కోరు పోపులో వేసి రెండు నిమిషాలు మగ్గనిస్తాం, అంతే. ఎక్కువసేపు ఉంచితే ముద్దయిపోతుంది, పచ్చి మామిడి వాసన పోతుంది. అంటే మామిడికాయ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. గోంగూర పులిహోరకి ఆకు నూనెలో బాగా మగ్గాలి, అంటే చింతపండు వైపు. దబ్బకాయ అచ్చంగా నిమ్మకాయ వైపు. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే కూరలోనూ, గ్లాసులోనూ దేన్ని ఎక్కడ వేయాలో మీకే తెలిసిపోతుంది.

ముందు కూరలు. "పులుపు పడితే ముక్క ఉడకదు" అని పెద్దవాళ్ళు అంటారు. అక్షరాలా నిజం. కూరగాయ మెత్తబడాలంటే దాని గోడల్లో ఉన్న పెక్టిన్ కరగాలి, పులుపు దాన్ని కరగనివ్వదు. పప్పుకీ అంతే. కాబట్టి పప్పుచారుకి పప్పు మెత్తగా ఉడికాకే చింతపండు పోయాలి. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఇదే గుణాన్ని మనకి అనుకూలంగా కూడా వాడుకోవచ్చు. బెండకాయ పులుసులో ముక్క చితకకూడదనుకుంటే, సగం వేగాక పులుసులో వేసేయండి. ముక్క నిలబడుతుంది, జిగురూ తగ్గుతుంది. చిలగడదుంప ముక్కలు కూడా అంతే, పులుసులో తొందరగా చిదిరిపోవు.

పులిహోర గుజ్జు చేసిన రోజు నేను ఎప్పుడూ కాస్త ఎక్కువే చేసి సీసాలో పెడతాను. నూనె తేలేదాకా ఉడికింది కాబట్టి ఫ్రిజ్‌లో చాలా రోజులుంటుంది. ఉడికించిన గుడ్లకి గాట్లు పెట్టి, రెండు చెంచాల గుజ్జుతో పెనం మీద దొర్లించండి. వంకాయ చక్రాలు కాల్చి పైన రాయండి. దోసె మీద కారంపొడి బదులు పూసి, పైన ఉల్లిపాయ తరుగు చల్లండి. ఈ దోసె మా ఇంట్లో వారానికోసారి ఉండాల్సిందే. పులిహోర గుజ్జు అన్నానికే అని ఎవరు రాసిపెట్టారు?

(గిన్నె దగ్గరికి. గరిటె వెనక వేలితో గీత గీస్తే, గీత నిలబడింది.)

చూడండి, గీత కలిసిపోలేదు. అయిపోయినట్టే, స్టవ్ కట్టేస్తున్నాను. ఇది చింతపండు పాకం, డ్రింకుల కోసం. కొలతలు రాసుకోండి: 100 గ్రాముల చింతపండు, గింజలు, ఈనెలు తీసేసి, 2 గ్లాసుల వేడినీళ్ళలో అరగంట నానాలి. పిసికి, వడగట్టి, 200 గ్రాముల బెల్లం వేయాలి. అర చెంచా మిరియాల పొడి, అర చెంచా శొంఠి, పావు చెంచా ఉప్పు. ఇత్తడి గిన్నెలో మాత్రం చేయకండి. ఇత్తడి సామాను చింతపండుతో తోమితే తళతళలాడేది పులుపు పైన పట్టిన చిలుముని కరిగించడం వల్లే, ఉడికేటప్పుడు ఆ పులుపు లోహాన్ని కూడా కాస్త కరిగిస్తుంది. అందుకే వంట గిన్నెలకి లోపల కళాయి పూయిస్తారు.

గ్లాసుకి రెండు పెద్ద చెంచాల పాకం, పైన చల్లటి నీళ్ళు. ఒక చిట్కా: వేడిగా ఉన్నప్పుడు రుచి చూసి తీపి సరిపోయింది అనుకోకండి. చల్లబడితే నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది. కాబట్టి ఇప్పుడు కాస్త ఎక్కువ తీపి అనిపించాలి, ఐసు పడ్డాక సరిగ్గా సరిపోతుంది. సోడా పోస్తే, సోడాకి కూడా సొంతంగా కొంచెం పులుపు ఉంటుంది, పాకం అర చెంచా పెంచండి. గ్లాసు పక్కకి వంచి మెల్లగా పోయండి, లేకపోతే నురగ బల్ల మీదికి వస్తుంది.

ఈ గ్లాసులో చివరగా ఏం చేస్తానో చూడండి. నాలుగు చుక్కల నిమ్మరసం, పైన నిమ్మ తొక్క గిల్లి ఆ తుంపర. చింతపండు ఉడికి వచ్చింది, నిమ్మకాయ పచ్చిగా వచ్చింది. అంటే రెండు పులిహోరలూ ఒకే గ్లాసులో. కింద బరువైన పులుపు, ముక్కుకి తాజా వాసన. ఒకదాని బదులు ఇంకోటి వాడకుండా, దేని పని దానికి ఇచ్చాం.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

మామిడికాయతో డ్రింకు రెండు రకాలు. కాయని మంట మీద తొక్క నల్లబడేదాకా కాల్చి, గుజ్జు తీసి, బెల్లం, జీలకర్రతో కలిపితే ఒక రుచి. పచ్చి కోరు ఉప్పుతో నలిపి, చల్లటి నీళ్ళలో పది నిమిషాలు ఉంచి వడగడితే పూర్తిగా ఇంకో రుచి. కాయ ఒకటే కదా అనుకోకుండా రెండూ చేసి చూడండి.

ఎర్ర గోంగూర, తెలంగాణలో పుంటికూర. ఆకు కోసుకుని ఊరుకుంటాం కానీ, పువ్వు రాలాక కాయ చుట్టూ దళసరిగా ఎర్రటి రేకులు మిగులుతాయి. అవి మరిగే నీళ్ళలో వేసి మూతపెట్టి పది నిమిషాలు ఉంచితే మాణిక్యం రంగు దిగుతుంది. చక్కెర వేసి చల్లార్చి తాగడమే. ఈజిప్టులో కర్కదే, సెనెగల్లో బిస్సాప్, మెక్సికోలో హమైకా అని తాగేది ఇదే మొక్క రేకుల రసం. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి మెక్సికన్ కొట్లో ఎండు రేకులు ప్యాకెట్లుగా దొరుకుతాయి, అక్కడ గోంగూర లేదని దిగులుపడకండి. మన పెరట్లో ఉన్నదాన్ని మనం ఎందుకు వదిలేస్తున్నామో నాకు అర్థం కాదు.

పుదీనా, నిమ్మకాయ కలిపేటప్పుడు తాగే ముందే నలపండి. పులుపులో నానితే ఏ ఆకుకైనా పచ్చదనం పోయి గోధుమరంగు వస్తుంది.

మజ్జిగది వేరే లెక్క. అందులో పులుపు లాక్టిక్ ఆమ్లం. మజ్జిగ పులుసు విరిగిపోతోంది అన్నవాళ్ళు, శనగపిండి ముందే కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ ఉండండి, తెర్లనివ్వకండి. పులిహోర ప్రశ్న దీనికీ అడగండి: దద్దోజనంలో పెరుగు ఎప్పుడు కలుపుతారు? అన్నం చల్లారాకే కదా.

ఉసిరికాయ, వాక్కాయ, చింతచిగురు, వీటికి విడిగా వీడియో చేస్తాను. పాకం చల్లారింది, సీసాలో పోసి మూత పెట్టేస్తున్నాను. ఫ్రిజ్‌లో రెండు వారాలు వాడుకోవచ్చు, తడి చెంచా పెట్టకండి.